ఆడపిల్లల తరగతికి ఏకగ్రీవ తీర్మానం

వేసవి సెలవులు అయ్యేలోగా మా ఊళ్ళో కావలసిన పనులు ఇవి:

ఆడపిల్లల తరగతికి ఒక గది చూడటం.
ఆ గది తాళంచెవి తీసుకోవటం.
పాత నల్లబల్లకు రంగు వేయించటం.
తాగే నీళ్ళకు కుండ, మూత, ముంత కొనటం.
ఆడపిల్లల్ని పంపమని ఇంటింటికీ వెళ్ళి చెప్పటం.
పై పనులన్నీ ఎవరెవరు చేయాలో తేల్చటానికి ఒక మీటింగు పెట్టటం.

ఆఖరి పని మేం అన్నిటికంటే ముందు చేశాం. ఒకసారి కాదు, చాలాసార్లు చేశాం. మిగతా పనుల సంగతి చెప్పటానికే ఇది రాస్తున్నాను.

అది 1946. యుద్ధం ఆగిపోయినా కిరసనాయిలు ఇంకా కార్డు మీదే ఇస్తున్నారు. మా ఊరి నుంచి గురజాలకు ఎద్దుబండి దారి. బడికి రెండే గదులు, పైన నాపరాళ్ళ కప్పు. అవి మగపిల్లలకే చాలవు. ఆడపిల్లలకు వేరే తరగతి కావాలని ఊరివాళ్ళు అర్జీ పెట్టుకుంటే జిల్లా బోర్డువారు సరేనన్నారు. అయితే ఒక షరతు పెట్టారు. గది ఊరే చూపించాలి. అది ఏ గదో బడి కమిటీ తీర్మానం చేసి పంపాలి. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు తీర్మానంలో రాసిన చోట తరగతి నడుస్తూ కనిపిస్తే పోస్టు ఖాయం అవుతుంది. లేకపోతే పోస్టు ఇంకో ఊరికి పోతుంది. పోస్టుతో పాటు టీచరూ పోవలసిందే.

ఆ టీచరు పేరు ప్రేమకుమారి. మా ఊరి మాలపల్లె పిల్లే. తండ్రి పున్నయ్య మాచర్ల రైలు దారి వేసే రోజుల్లో కంకర కొట్టి, కూతురిని మిషను బడిలో చదివించి, ఆమె ట్రైనింగు పూర్తి కాకముందే పోయాడు. తల్లి పున్నమ్మకు రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. తన పల్లెలో అయితే ఏ సందులో ఎన్ని అడుగులు వేయాలో ఆమె కాళ్ళకే తెలుసు. ఇంకో ఊళ్ళో వాకిలి కూడా దాటలేదు. అందుకే ప్రేమకుమారికి ఉద్యోగం అంటే మా ఊళ్ళో ఉద్యోగం. ఆ సంగతి కమిటీలో అందరికీ తెలుసు.

కమిటీ అంటే నలుగురు. అధ్యక్షులు చెన్నకేశవులు గారు. పెద్ద కమతం, ఖద్దరు చొక్కా, నలభై రెండులో జైలుకు వెళ్ళి వచ్చిన మనిషి. బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసే బాజీ సాయిబు సాయిబుల వీధి తరపున. గుడిసెలో ప్రార్థనలు చేయించే ఉపదేశి యేసుపాదం గారు మాలపల్లె తరపున. కార్యదర్శి మా హెడ్‌మాస్టరు త్రికోటేశ్వరరావు గారు. ఊళ్ళో బి.ఏ. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి జరిగింది రాసే పని నాకు ఇచ్చారు.

మొదటి మీటింగు బడి వసారాలో జరిగింది. సాయంత్రం అన్నాం. సాయంత్రం అంటే గొడ్లు ఇంటికి వచ్చాక అని ఒకరు, దీపం పెట్టేలోగా అని ఒకరు అనుకున్నారు. ముందు వచ్చినవాళ్ళు తర్వాతివాళ్ళను పిలుచుకురావటానికి వెళ్ళారు. వాళ్ళు వచ్చేసరికి వీళ్ళు లేరు. ఎట్లాగో అందరూ కూడాక చెన్నకేశవులు గారు మొదలు పెట్టారు.

"ఏం సాయిబూ, బండ్లు ఎట్టా నడుస్తున్నయ్?"

"ఇనుము యాడ దొరుకుద్ది మావా? పట్టా లేని చక్రానికి నేనేం మంత్రమెయ్యను?"

"మా పెద్ద బండి చక్రం మొన్న నీ దగ్గరికే గదా పంపింది?"

"ఆ చక్రం మీ తాత కాలందే మావా. దానికి పట్టా గాదు, పిండం పెట్టాల."

అందరూ నవ్వారు. ఇనుములో నుంచి మాట పత్తిలోకి, పత్తిలో నుంచి వానలోకి, వానలో నుంచి మాచర్ల తిరునాళ్ళలో బండ లాగిన ఎడ్లలోకి పోయింది. నడుమ తాంబూలం పళ్ళెం వచ్చింది. ఆకులకు ఈనెలు తీయటం, సున్నం రాయటం, లేచి వెళ్ళి ఉమ్మి రావటం. వచ్చినవాడు తాను లేనప్పుడు ఏం మాట్లాడారో మళ్ళీ చెప్పించుకోవటం. గది మాట ఎత్తకుండానే పళ్ళెం ఖాళీ అయింది. లేచేటప్పుడు యేసుపాదం గారు, "అయ్యా, పిల్ల ఉద్దోగం సంగతీ..." అన్నారు. "చూద్దాం లేరా యేసుపాదం, యాడికి పోద్ది!" అన్నారు చెన్నకేశవులు గారు.

హెడ్‌మాస్టరు గారు ఆ రాత్రి నిద్రపోలేదని మర్నాడు ఆయన మొహమే చెప్పింది. ఆయన దగ్గర సభలు నడిపే పద్ధతుల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది. నరసరావుపేటలో చదువుకునే రోజుల్లో కొన్నారట. దాన్ని ముందు పెట్టుకుని ఆయన చెబుతుంటే నేను తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. గోడకు అంటించాం. మీటింగు చెప్పిన వేళకు మొదలవ్వాలి. మాట్లాడేవారు "అధ్యక్షా" అని మొదలుపెట్టాలి. ఒకరినొకరు గారు అని పిలుచుకోవాలి. ఎజెండాలో లేనిది మాట్లాడరాదు. తాంబూలం పళ్ళెం మీటింగు అయ్యేదాకా లోపలికి రాకూడదు. ఒక ప్రతిపాదన పెట్టినప్పుడు ఇష్టం లేనివారు చెయ్యి ఎత్తాలి, ఎత్తకపోతే అంగీకరించినట్టే. ఒకసారి చేసిన తీర్మానాన్ని ఆరు నెలల దాకా ఎవ్వరూ తిరగదోడరాదు.

ఆ చివరిది ఎందుకండీ అని నేను అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇదివరకు నేను పనిచేసిన ఊళ్ళో మాలపల్లెకు బావి తవ్వించాలని కమిటీ చేత ఒప్పించానయ్యా. అందరూ సంతకాలు పెట్టారు. వారం తిరక్కుండా మళ్ళీ మీటింగు పెట్టించి కొట్టేయించారు. ఆ పల్లెవాళ్ళు ఇప్పటికీ వాగులో చెలమలు తీసుకుని తాగుతున్నారు. బలం ఉన్నవాడు ఎప్పుడైనా మాట మార్చగలడు. లేనివాడికి కాగితం మీద ఉన్న మాటే దిక్కు."

ఆ నిబంధన మీద నాకు గౌరవం పుట్టింది. ఆయన మీద అంతకు ముందే ఉంది.

రెండో మీటింగు అద్భుతంగా జరిగింది. ఆ మాట నేను వెటకారానికి అనటం లేదు. గంట కొట్టగానే మొదలైంది. యేసుపాదం గారికి కూడా కుర్చీ వేయించారు హెడ్‌మాస్టరు గారు. ఆయన కూర్చోలేదు. మీటింగు అయినంతసేపూ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. "కూర్చోండి యేసుపాదం గారూ" అన్నారు చెన్నకేశవులు గారు, నిబంధన ప్రకారం. ఆ పిలుపుకు యేసుపాదం గారు కుర్చీని ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

బాజీ సాయిబు లేచి, "అధ్యక్షా, మావా!" అన్నాడు.

"అధ్యక్షా అంటే చాలండీ బాజీ గారూ," అన్నారు హెడ్‌మాస్టరు గారు.

"మావను మావా అనకుంటే ఇంటికాడ మా అక్క ఊరుకోదు పంతులు గారూ. చిన్నప్పట్నించీ ఊరి వరస అది, మా అక్క గూడా మావా అనే పిలిచి పండక్కి గాజుల పైసలు తెచ్చుకుంటది."

"అది ఎజెండాలో లేదు."

బాజీ కూర్చున్నాడు. హెడ్‌మాస్టరు గారు మొదటి అంశం చదివారు. చెన్నకేశవులు గారి పత్తి కొట్టు ఇప్పుడు ఖాళీగా ఉంది కనుక, ఊరికి నడుమ ఉంది కనుక, ఆడపిల్లల తరగతి అందులో పెట్టాలని ప్రతిపాదన. ఇష్టం లేనివారు చెయ్యి ఎత్తండి.

చెన్నకేశవులు గారి చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. ఆయన గోడ మీది నిబంధనలు చదువుతున్నట్టు చూశారు. బాజీ ఆయన మొహం చూశాడు. యేసుపాదం గారు నేల చూశారు. బయట పళ్ళెం పట్టుకున్న నౌకరు దగ్గాడు.

"అభ్యంతరం లేదు. ఏకగ్రీవం!" అన్నారు హెడ్‌మాస్టరు గారు.

నీళ్ళ కుండ ఏకగ్రీవం. నల్లబల్ల ఏకగ్రీవం. ఇంటింటికీ వెళ్ళే పని అందరూ కలిసి చేయాలని ఏకగ్రీవం. గట్టిగా ఒక బండికి ఎడ్లు కట్టేంత సేపట్లో మీటింగు ముగిసింది. తీర్మానం నకలు బోర్డువారికి ఆ సాయంత్రమే టపాలో వేశాం. ఇంటికి వెళుతూ హెడ్‌మాస్టరు గారు నా భుజం తట్టి, "చూశావా? మనుషులు చెడ్డవాళ్ళు కారయ్యా. పద్ధతి లేకనే," అన్నారు.

బడులు తెరిచే రోజు దగ్గరపడింది. కొట్టు తాళంచెవి కోసం ఇద్దరం చెన్నకేశవులు గారింటికి వెళ్ళాం. ఆయన అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. దేశానికి స్వరాజ్యం ఎప్పుడొస్తుందో చెప్పారు. తాళంచెవి మాట ఎత్తగానే, "పాలేరు కాడ ఉండాది. వాడు కారెంపూడి బొయ్యాడు," అన్నారు. మళ్ళీ వెళితే పాలేరు వచ్చాడు, తాళంచెవి రాలేదు. మూడోసారి హెడ్‌మాస్టరు గారు తీర్మానం నకలు చేత్తో పట్టుకెళ్ళారు.

"తమరు ఒప్పుకున్నారు కదండీ?"

"నేనా? ఎప్పుడు ఒప్పుకున్నా?"

"మీటింగులో."

"మీటింగులో నేను నోరు తెరిచానా పంతులు గారూ?"

"తెరవలేదు కాబట్టే ఒప్పుకున్నట్టు."

చెన్నకేశవులు గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఇదేంది! నోరు తెరవకపోతే వద్దన్నట్టు గదా. పదిమందిలో మీ మొహాన కాదనలేక గదా నేను గమ్మునున్నది!"

తిరిగి వస్తూ బాజీ కొలిమి దగ్గర ఆగాం. బాజీ ఎర్రగా కాలిన పట్టాను చక్రానికి దిగేసి నీళ్ళు చల్లుతున్నాడు. విషయం విని, పట్టకారు కింద పెట్టి నవ్వాడు.

"ఆయన ఆకెత్తాడా పంతులు గారూ?"

"ఆకేమిటి?" అన్నారు హెడ్‌మాస్టరు గారు.

"పళ్ళెంలో ఆకు. మా ఊళ్ళో ఎవురన్నా ఏదన్నా అడిగినప్పుడు, అడగబడ్డోడు పదిమందిలో పళ్ళెంలో నించి ఆకెత్తి నోట్లో ఏసుకుంటే ఇచ్చినట్టు. ఎత్తకపోతే లేదన్నట్టు. నోటితో లేదనడు. మొహం చెడకుండా అదొక తోవ. మీరేమో పళ్ళేన్ని వాకిట్లో నిలబెట్టిరి. ఇంక ఆయన ఇచ్చేదెట్టా, లేదనేదెట్టా?"

"ఆ మాట మీటింగులోనే ఎందుకు చెప్పలేదు బాజీ గారూ?"

"ఎజెండాలో లేదన్నారు గదా!"

హెడ్‌మాస్టరు గారు పట్టుదల మనిషి. తప్పు తెలిస్తే దిద్దుకోగలరు, కాకపోతే పద్ధతిగా. మూడో మీటింగు ఎజెండాలో ఆఖరి అంశంగా "తాంబూల స్వీకారం" అని నా చేత రాయించారు. పళ్ళేన్ని అందరి నడుమ బల్ల మీద పెట్టించారు. చెన్నకేశవులు గారు లేచి చాలాసేపు మాట్లాడారు. పల్నాటి గడ్డ మీద అన్ని కులాలూ ఒక్క చాప మీద కూర్చుని కూడు తిన్న రోజుల గురించి చెప్పారు. యేసుపాదం గారు కళ్ళు తుడుచుకున్నారు. ప్రసంగం అయ్యాక పళ్ళెం ఆయన ముందుకు జరిపాం.

"పన్ను నొప్పిగా ఉందండీ. ఆకు మానేశా," అన్నారు చెన్నకేశవులు గారు.

ఆయన ఇంటికి వెళుతూ దారి పొడుగునా వేయించిన శనగలు పటపటా కొరుకుతూ వెళ్ళారని నౌకరు చెప్పాడు.

అసలు కారణం ఊళ్ళో అందరికీ తెలుసు. కొట్టు పక్కనే ఆయన బావి. బావి పక్కనే వంటిల్లు. మాలపల్లె పిల్ల రోజూ ఆ గడప తొక్కి, ఆ బావి చేద ముట్టుకుంటుందని ఇంట్లో భయం. ఆ మాట ఖద్దరు చొక్కాతో పైకి అనలేరు. అంటే నేను రాస్తాను. రాస్తే అది గుంటూరు దాకా పోతుంది. అందుకని మా మీటింగుల్లో అన్నీ ఉండేవి, ఆ ఒక్క మాట తప్ప.

ఈలోగా ప్రేమకుమారి ఒక పని చేసింది. ఎవరినీ సమావేశపరచలేదు. తనే ఇంటింటికీ వెళ్ళి ఆడపిల్లల్ని పంపమని అడిగింది. సాయిబుల వీధిలో బాజీ అక్క రబియా వసారాలో కూర్చుని బొంత కుడుతోంది. భర్త పోయిన మనిషి, ఒంటరి ఇల్లు.

"నీ బడి యాడమ్మాయ్?" అని అడిగింది రబియా.

"ఇంకా తేలలేదు పిన్నీ. మీటింగులు జరుగుతున్నయ్."

"మీటింగులు అయ్యేలోపల మా తమ్ముడి గడ్డం నెరుస్తాది. ఈ వసారా చాలదా?"

"చాలుద్ది పిన్నీ. నువ్వు ఎవురినన్నా అడగాల్నా?"

"నా వసారాకు నేనెవుర్ని అడగాల? ఆ బొంత ఆ చివర బట్టు, దులుపుదాం."

మర్నాడే తరగతి మొదలైంది. నల్లబల్ల లేదు, వసారా నాపరాళ్ళ మీదే సుద్దతో రాసి, సాయంత్రం కడిగేవారు. మొదట సాయిబుల పిల్లలు, పల్లె పిల్లలు వచ్చారు. తర్వాత కోమట్ల వీధి నుంచి సుందరి అనే పిల్ల వచ్చింది. ఒక రోజు నేను అటుగా వెళుతూ ఆగిపోయాను. చెన్నకేశవులు గారి కూతురు రామలక్ష్మి రెండు జడలు వేసుకుని, తన నీళ్ళచెంబు తను తెచ్చుకుని, ప్రేమకుమారి ఎదురుగా కూర్చుని గుణింతం వల్లె వేస్తోంది. పంపింది తల్లి పాపమ్మ గారు. భర్తను అడిగితే కాదనేవారేమో. ఆమె అడగలేదు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఇట్లా పనులన్నీ అవుతూ వచ్చాయి. శ్రావణంలో ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నట్టు కార్డు వచ్చింది. తీర్మానంలో ఉన్నది పత్తి కొట్టు. తరగతి నడుస్తున్నది రబియా వసారాలో. స్థలం మారినట్టు ఇంకో తీర్మానం చేస్తే సరిపోతుంది. మీటింగు పెట్టాం.

ఆ మీటింగుకు పిలవకపోయినా ప్రేమకుమారి వచ్చి, గుమ్మం బయట నిలబడింది. వెనుక రబియా ముసుగు సర్దుకుని అరుగు అంచున కూర్చుంది.

బాజీ లేచాడు. "అధ్యక్షా, మా అక్క వసారానే బడి అని రాసుకుందాం."

"నాకిష్టమే!" అన్నారు చెన్నకేశవులు గారు, ఎవరూ అడగకముందే. ఆయన మొహంలో నిజమైన సంతోషం కనిపించింది. "చానా మంచి మాట. మా పిల్ల గూడా ఆడికే పోతాంది."

"సరేనయ్యా, సరే," అన్నారు యేసుపాదం గారు. ఆ రోజు మొదటిసారి కుర్చీలో కూర్చున్నారు.

మా కమిటీ నోరు తెరిచి, మనసారా, ఒకే మాట అనటం నేను చూసింది అదొక్కసారే. కలం సిరాలో ముంచాను.

హెడ్‌మాస్టరు గారు కదలలేదు. గోడ మీది కాగితం చూస్తున్నారు.

"వీల్లేదు," అన్నారు. "ఆరు నెలలు కాలేదు."

"అందరం ఒప్పుకున్నాం గదయ్యా!" అన్నాడు బాజీ.

"ఆ రోజూ అందరూ ఒప్పుకున్నారు. ఇవాళ మంచికని తిరగదోడితే, రేపు ఇంకొకరు చెడుకని తిరగదోడుతారు. ఆ నిబంధన పెట్టింది ప్రేమకుమారి లాంటివాళ్ళ కోసమే."

"ఆ పిల్ల కోసం పెట్టిందాన్ని ఆ పిల్ల కోసం ఎత్తెయ్యలేరా పంతులు గారూ?" ఇది రబియా గొంతు, బయటి నుంచి.

"సభ్యులు కానివారు మాట్లాడరాదు," అన్నారు హెడ్‌మాస్టరు గారు. ఆయన గొంతులో కోపం లేదు. ఎవరైనా తనను ఒప్పిస్తే బాగుండునని ఎదురుచూస్తున్న మనిషిలా ఉన్నారు. నేను కూడా ఒక మాట అన్నాను. నేనూ సభ్యుణ్ణి కానని గుర్తు చేశారు.

బాజీ చెన్నకేశవులు గారి వైపు తిరిగాడు. "మావా, ఇంక నీ చేతిలోనే ఉండాది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు కొట్టు తీస్తివంటే, పిల్లకాయల్ని తోలుకొచ్చి కూర్చోబెడదాం. ఆయన జూసి పోతాడు."

చెన్నకేశవులు గారు ఆలోచించారు. "ఒక్క రోజే గదా," అన్నారు. "తీస్తా."

యేసుపాదం గారు రెండు చేతులూ జోడించారు. అప్పుడు గుమ్మం బయట నుంచి ప్రేమకుమారి అడిగింది. గట్టిగా అడగలేదు, పిల్లలను పాఠం అడిగినట్టే అడిగింది.

"మర్నాడు గూడా తీసే ఉంటదా అయ్యా?"

చెన్నకేశవులు గారి చేతులు మోకాళ్ళ మీదికి వెళ్ళాయి. బాజీ ఆయన మొహం చూశాడు. హెడ్‌మాస్టరు గారి నోటి నుంచి అలవాటుగా "అభ్యంతరం లే..." అని వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఆయన తల దించుకున్నారు.

"అయితే వద్దులే అయ్యా," అంది ప్రేమకుమారి. "ఆడ కూర్చుంటే పిల్లలు అదే తమ బడి అనుకుంటారు. మర్నాడు తాళం జూసి ఏడిస్తే నేనేం జెప్పను? ఆయన వచ్చిందాకా మా వసారాలోనే ఉంటాం. జూస్తే జూస్తాడు."

"ఒసేయ్, ఉద్దోగం పోద్దే!" అన్నారు యేసుపాదం గారు.

"పోతే పోద్ది బాబాయ్. దొంగతనంగా దొరికితే మాత్రం నిలబడుద్దా?"

ఇన్‌స్పెక్టరు గారు చూశారు. రైలు దిగి, బండెక్కి, వానలో తడుస్తూ వచ్చారు. పత్తి కొట్టు తాళం చూశారు. రబియా వసారాకు వచ్చి, చాప మీద ఒక పక్కన కూర్చుని పిల్లల చేత చదివించారు. రామలక్ష్మి తప్పు లేకుండా చదివింది. సుందరి లెక్క చెప్పింది. ఆయన ముచ్చటపడి ప్రేమకుమారి ట్రైనింగు ఎక్కడ అయిందో అడిగి తెలుసుకున్నారు. తర్వాత బడికి వచ్చి నేను రాసిన మినిట్స్ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఈ తాలూకాలో ఇంత క్రమశిక్షణతో నడిచే కమిటీని తాను చూడలేదని పుస్తకంలో స్వహస్తంతో రాశారు. దాని కిందే ఇంకో వాక్యం రాశారు. తీర్మానించిన చోట తరగతి నడవనందున పోస్టు వినుకొండ వైపు ఒక ఊరికి మార్చటమైనది.

హెడ్‌మాస్టరు గారు బోర్డువారికి మూడు అర్జీలు రాశారు. తన నిబంధన తప్పని మాత్రం ఒక్కదానిలోనూ రాయలేదు. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది. అందినదని.

ప్రేమకుమారి తల్లిని తీసుకుని బయలుదేరిన రోజు బాజీ తన బండిలోనే స్టేషనుకు దిగబెట్టాడు. బండెక్కే ముందు పున్నమ్మ పల్లె మొదట్లో నిలబడి, "ఎటు జూస్తున్నానే నేను?" అని కూతుర్ని అడిగింది. "మనింటి వైపే అమ్మా," అంది ప్రేమకుమారి. రబియా ఒక కొత్త బొంత మడత పెట్టి బండిలో పడేసి, మాట్లాడకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తర్వాత కొన్ని రోజుల పాటు ఆడపిల్లలు వసారాకు వస్తూనే ఉన్నారు. చదువు రాని రబియా వాళ్ళను కూర్చోబెట్టి, "నిన్నటిది చెప్పండే," అనేది. నిన్నటిది అయిపోయే దాకా చెప్పి, వాళ్ళు మానేశారు.

మొన్న, 1949లో, మా ఊళ్ళో ఆడపిల్లలకు గది కట్టారు. మంచి గది, నాపరాళ్ళ గోడలు. హెడ్‌మాస్టరు గారు బదిలీ అయి వెళ్ళిపోయినా మా కమిటీ ఇప్పుడు మీటింగులు చక్కగా నడుపుతుంది. ప్రారంభోత్సవం మీటింగులో ఎవరెవరికి వందనాలు చెప్పాలో చదివారు. రాయి ఇచ్చినవారు, సున్నం ఇచ్చినవారు, దూలాలు ఇచ్చినవారు. స్త్రీ విద్యకు మొదటి నుంచీ అండగా నిలిచిన చెన్నకేశవులు గారు. ఆ పేర్లకు ప్రేమకుమారి పేరు కూడా చేర్చాలని నేను లేచి అడిగాను.

"మంచి మాటే అబ్బాయ్," అన్నారు చెన్నకేశవులు గారు ఆప్యాయంగా. "ఎవురికీ అభ్యంతరం ఉండదు. ముందే చెప్పి ఉంటే ఎజెండాలో పెట్టేవాళ్ళం గదా!"

అందుకని ఇక్కడ అడుగుతున్నాను. మీరెప్పుడైనా వినుకొండ దాటి లోపలి ఊళ్ళకు వెళితే, పొద్దున్నే చూపు లేని తల్లిని చెయ్యి పట్టుకుని తనతో పాటు బడికి నడిపించుకుపోయే టీచరు కనిపించవచ్చు. మా ఊళ్ళో ఆడపిల్లలకు మొదట చదువు చెప్పింది ఆమే. పేరు ప్రేమకుమారి. దయచేసి గుర్తుంచుకోండి.